మైదానం ఎవరి పేర ఉన్నది?

మనవారు ఏ ఊరు వెళ్ళి స్థిరపడినా మొదట ఒక భజన మందిరం పెట్టుకుంటారు. తరువాత నాలుగు బీరువాలతో ఒక పఠనాలయం వస్తుంది. ఉగాదికి పందిరి వేస్తారు. పిల్లలు కొంచెం ఎదగగానే బంతి, బ్యాటు, వాలీబాల్ వల, కబడ్డీ గీత వస్తవి. చిక్కులన్నీ ఈ చివరి ఘట్టంలోనే ఆరంభమవుతవి. భజనకు ఎవరి వసారా అయినా సరిపోతుంది. పుస్తకాలు బీరువాలో ఇముడుతవి. ఆటకు మాత్రం నేల కావలెను. నేల అనగానే దస్తావేజు, దస్తావేజు అనగానే పేరు. ఆ పేరు ఎవరిది కావలెనన్న ప్రశ్న మనకు కొత్తగా వచ్చినది కాదు. నూరేళ్ళకు పైగా క్రీడా సంఘాలు దానితో పెనుగులాడుతూనే ఉన్నవి. ఆ పెనుగులాట చరిత్రలో మన కుటుంబాలకు పనికివచ్చే సంగతులు చాలా ఉన్నవని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సాధారణంగా జరిగేది ఇది. పదిమందీ చందాలు వేసుకొని, అందరూ నమ్మిన ఒక పెద్దమనిషి పేర స్థలం కొంటారు. ఆయన నిజంగా నమ్మదగినవాడే. ఇరవై ఏళ్ళు పన్ను ఆయనే కడతాడు, కంచె ఆయనే వేయిస్తాడు. తరువాత ఆయన కాలం చేస్తాడు. పిల్లలు ఒకరు పూనాలో, ఒకరు విదేశంలో ఉంటారు. వారు దస్తావేజు తీసి చూస్తే అందులో ఉన్నది తండ్రి పేరు. సంఘం పేరు ఎక్కడా లేదు. సంఘం దగ్గర ఉన్నవి చందా రసీదుల ఎడమ ముక్కలు, మూడు పాత ఫోటోలు. ఇందులో మోసగాడు ఎవరూ లేడన్నది గమనించవలెను. అందరూ మంచివారే అయినా మైదానం పోతుంది. లోపం మనుషులలో లేదు, ఏర్పాటులో ఉన్నది.

మద్రాసులో తెలుగువారి క్రీడాచరిత్ర చెప్పవలసి వస్తే బుచ్చిబాబు నాయుడు గారితో మొదలుపెట్టవలెను. ఆయన అసలు పేరు మోదవరపు వెంకటమహీపతి నాయుడు. దుబాసీల కుటుంబంలో 1868లో పుట్టి 1908లో, నిండా నలభై ఏళ్ళ వయస్సులో, కాలం చేశారు. 1846లో ఏర్పడిన మద్రాసు క్రికెట్ క్లబ్బు ఆనాడు దొరల క్లబ్బు. మనవారికి అందులో సభ్యత్వం లేదు. బుచ్చిబాబు గారు ఆ తలుపు తట్టుతూ కూర్చోలేదు. 1888లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, స్వదేశీ యువకులకు ఆట నేర్పే చోటు కల్పించారు. దొరల జట్టుకూ మనవారి జట్టుకూ మధ్య పోటీ జరగవలెనని ఆయన చేసిన ప్రయత్నమే తరువాత సంక్రాంతి రోజులలో ఆడే ప్రెసిడెన్సీ మ్యాచిగా స్థిరపడినది. ఆయన కుమారులలో ఒకరైన కోటా రామస్వామి గారు 1922లో డేవిస్ కప్పు టెన్నిసు, 1936లో టెస్టు క్రికెట్టు రెండూ ఆడిన అపూర్వ క్రీడాకారుడు. మాతామహుల ఇంటికి దత్తు వెళ్ళడం చేత ఇంటిపేరు మారినది.

చరిత్రకారులు బుచ్చిబాబు గారి బ్యాటును పొగడుతారు. నాకు మాత్రం ఆయన క్లబ్బు పెట్టడమే గొప్పగా కనిపిస్తుంది. ఆడగలిగిన జమీందారు బిడ్డలు, దుబాసీ బిడ్డలు ఆనాడు ఇంకా ఉండే ఉంటారు. తాను పోయిన తరువాత కూడ ఆట సాగడానికి ఒక సంస్థ కావలెనని తలచినవారు అరుదు.

అయితే ఆ కాలంలో క్లబ్బు అంటే చట్టం కంటికి ఏమిటి? ఏమీ కాదు! ఇంగ్లీషు న్యాయం ప్రకారం, రిజిస్టరు కాని క్లబ్బు ఒక వ్యక్తి కాదు. దానికి ఆస్తి ఉండదు, అప్పు ఉండదు, కోర్టులో దాని పేర దావా వేయడానికి వీలుండదు. సభ్యులు తమలో తాము చేసుకున్న ఒప్పందాల మూట మాత్రమే అది. స్థలం కౌలుకు తీసుకోవలెనన్నా, మండపం కట్టించవలెనన్నా ఎవరో ఇద్దరు ముగ్గురు ధర్మకర్తలుగా నిలబడి తమ పేర సంతకాలు చేయవలెను.

ఆ సంతకం బరువు ఎంతటిదో 1903లో తేలినది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుండి ఒక క్లబ్బు వివాదం లండనులోని ప్రీవీ కౌన్సిలుకు అప్పీలుగా వచ్చినది. క్లబ్బు కోసం ధర్మకర్తలు ఇల్లు కౌలుకు తీసుకున్నారు. కౌలు షరతుల వలన పెద్ద బాకీ వారి మీద పడినది. "మేము మా కోసం సంతకం చేయలేదు, సభ్యులందరి కోసం చేశాము, కనుక సభ్యులు మా నష్టం పంచుకోవలెను" అన్నది ధర్మకర్తల పక్షపు వాదన. వినడానికి ఎంతో న్యాయంగా ఉన్నది. కాని లార్డ్ లిండ్లే తీర్పు చెబుతూ, క్లబ్బు సభ్యుడు తన చందా మించి ఒక్క పైసా ఇవ్వవలసిన బాధ్యత లేదనీ, క్లబ్బులు ఆ నమ్మకం మీదనే ఏర్పడుతున్నవనీ తేల్చారు. సభ్యులు బయటపడ్డారు, సంతకం చేసినవారు మునిగారు. వైజ్ వర్సస్ పర్‌పెచ్యువల్ ట్రస్టీ అనే ఈ కేసును న్యాయశాస్త్రం చదివేవారు నేటికీ చదువుతారు. సంఘ కార్యదర్శులు కూడ ఒకసారి చదివితే మంచిదని నా అభిప్రాయం.

అలాగని ఆనాడు మన దేశంలో సంఘాలకు చట్టమే లేదనడం సరికాదు. 1860లోనే సొసైటీల రిజిస్ట్రేషను చట్టం వచ్చినది. ఏడుగురు కలిసి ఒక మెమొరాండం వ్రాసి రిజిస్టరు చేయించుకోవచ్చును. ఆస్తి ధర్మకర్తల పేర లేకపోతే కార్యవర్గం చేతిలో ఉన్నట్లు భావిస్తారు. దావాలు అధ్యక్షుని పేరనో కార్యదర్శి పేరనో నడుస్తవి. ఇది పెద్ద మెరుగే. కాని ఆ చట్టం చేసినవారి మనస్సులో ఉన్నది విద్య, సాహిత్యం, విజ్ఞానం, ధర్మకార్యాలు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, మ్యూజియములు, చిత్రశాలలు, సైనికుల అనాథ పిల్లల నిధులు అన్నిటినీ ఆ చట్టం 20వ సెక్షను పేరుపేరునా చెప్పినది. ఆట మాట మాత్రం అందులో లేదు! ఆట పెద్దమనుషుల కాలక్షేపం గాని ప్రజోపకారం కాదని ఆనాటి భావన కావచ్చును. ఆ తరువాత రాష్ట్రాలు ఎవరికి వారు ఈ చట్టాన్ని సవరించుకుంటూ, విస్తరించుకుంటూ వచ్చినవి. 1928లో ఏర్పడిన భారత క్రికెట్ కంట్రోలు బోర్డు సైతం 1940లో మద్రాసులో ఈ 1860 చట్టం కిందనే రిజిస్టరు అయినది.

ఇంతలో ఇంగ్లండులో మరొక దారి తెరుచుకొన్నది. మన బుచ్చిబాబు గారు మద్రాసులో క్లబ్బు పెట్టిన 1888లోనే బర్మింగ్‌హాములోని స్మాల్ హీత్ ఫుట్‌బాల్ క్లబ్బు లిమిటెడ్ కంపెనీగా మారినది. ఫుట్‌బాల్ క్లబ్బులలో అదే మొదటిది. ప్రేక్షకులు పెరిగారు, ఆటగాళ్ళకు జీతాలు వచ్చినవి, స్టేడియంలకు అప్పులు చేయవలసి వచ్చినది. ఈ బాధ్యతలన్నీ నలుగురు పెద్దమనుషుల భుజాల మీద మోపడం ఇక సాధ్యం కాలేదు. కంపెనీ అయితే అప్పు కంపెనీది. ఈ సూత్రాన్ని 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆరన్ సాలమన్ అనే లండను బూట్ల వ్యాపారి కేసులో తిరుగులేకుండా స్థిరపరచినది. సాలమన్ వేరు, సాలమన్ పెట్టిన కంపెనీ వేరు. కంపెనీ అప్పులకు సాలమన్ ఇల్లు అమ్మడానికి వీలు లేదు.

కాని కంపెనీ అంటే వాటాలు, వాటాలంటే లాభాలు. ఆట పేర లాభాలు పంచుకోవడం మొదలైతే ఆట ఏమవుతుంది? ఈ భయం ఇంగ్లీషువారికీ కలిగినది. వారి ఫుట్‌బాల్ అసోసియేషను వాటాదారులకు ఇచ్చే డివిడెండు సాలుకు 5 శాతం మించరాదని కట్టడి పెట్టినది. డైరెక్టర్లు జీతాలు తీసుకోరాదన్నది. ఈ గట్టు చాలాకాలం నిలిచినది. అయితే 1983లో లండనులోని టాటెన్‌హామ్ క్లబ్బు తన మీద ఒక పెద్ద కంపెనీని ఏర్పాటు చేసి, దాని వాటాలను షేర్ బజారులో అమ్మి ఆ గట్టును సులువుగా దాటినది. కట్టడి క్లబ్బుకే గాని క్లబ్బును కలిగి ఉన్న కంపెనీకి కాదట! చట్టానికి అటు ఇటు నడిచే దారులు మన ఊళ్ళలోనే కాక అన్నిచోట్లా ఉన్నవి.

ఈ రెండు దారులకూ మధ్య మూడవది ఒకటి, ఎవరూ అంతగా పట్టించుకోకుండా, 1867 నాటి ఇంగ్లీషు కంపెనీ చట్టం 23వ సెక్షనులో పుట్టినది. వాణిజ్యం, కళ, విజ్ఞానం, మతం, ధర్మం, లేక మరే ఇతర ఉపయోగకరమైన ఉద్దేశం కోసమైనా కంపెనీ పెట్టవచ్చును. వచ్చిన ఆదాయమంతా ఆ ఉద్దేశానికే వినియోగించవలెను. సభ్యులకు డివిడెండు ఇవ్వరాదు. ఈ షరతులకు ఒప్పుకుంటే ప్రభుత్వం ఒక లైసెన్సు ఇస్తుంది. అప్పుడు పేరు చివర "లిమిటెడ్" అనే మాట పెట్టుకోనక్కరలేదు. వ్యాపారి కంపెనీకి ఉన్న రక్షణలన్నీ ఉంటవి, వ్యాపారి ముద్ర మాత్రం ఉండదు. ఈ సెక్షనే మన దేశంలో 1882 కంపెనీల చట్టంలో 26వ సెక్షనుగా వచ్చి, 1913 చట్టంలో కూడ అదే సంఖ్యతో కొనసాగినది.

"లాభాపేక్ష లేని" అన్న మాటను మనవారు తరచు తప్పుగా అర్థం చేసుకుంటారు. ఈ కంపెనీ డబ్బు సంపాదించరాదని దాని అర్థం కాదు. టిక్కెట్లు అమ్మవచ్చును, మైదానం అద్దెకు ఇవ్వవచ్చును, ఏడాది చివర మిగులు చూపవచ్చును. ఆ మిగులు ఎవరి జేబులోకీ పోరాదు, అంతే. నిజానికి మిగులు లేని క్రీడా సంఘం వల చిరిగితే కొత్తది కొనలేదు.

మన దేశంలో క్రీడకూ కంపెనీకీ పెద్ద ఎత్తున ముడిపడినది 1933లో. ఆ సంవత్సరం నవంబరు 8వ తేదీన క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా ఢిల్లీలో కంపెనీగా రిజిస్టరు అయినది. ఇది "లిమిటెడ్" మాటను పేరులోనే ఉంచుకున్న కంపెనీ. అయినా సభ్యుల క్లబ్బే. దాని వెనుక ఉన్నవారు ఆంటొని డిమెల్లో గారూ, గ్రాంట్ గోవన్ దొరా. తరువాత ఆ క్లబ్బు బొంబాయి చేరినది. సముద్రాన్ని పూడ్చిన బ్యాక్‌బే నేల మీద స్థలం సంపాదించి, 1936 మే నెలలో గవర్నరు లార్డ్ బ్రేబోర్న్ చేత శంకుస్థాపన చేయించి, 1937 డిసెంబరు నాటికి స్టేడియం తెరిచినది.

ఈ ఏర్పాటు విలువ ఎప్పుడు తెలిసినదంటే, కష్టం వచ్చినప్పుడు. టిక్కెట్ల పంపకం గురించి బొంబాయి క్రికెట్ అసోసియేషనుతో తగవు వచ్చి, వారు కొద్ది దూరంలోనే వాంఖడే స్టేడియం కట్టుకున్నారు. 1975 జనవరి నుండి టెస్టు మ్యాచిలు అక్కడికి తరలిపోయినవి. బ్రేబోర్న్ స్టేడియంలో తిరిగి టెస్టు మ్యాచి జరగడం 2009 డిసెంబరులో. మధ్య ముప్ఫై ఆరేళ్ళు. స్థాపించినవారు ఎవరూ మిగలలేదు. అయినా నేల నేలగానే ఉన్నది, క్లబ్బు క్లబ్బుగానే ఉన్నది. ఆ స్థలం ఒక వ్యక్తి పేర ఉండి ఉంటే, అంత ఖరీదైన చోట ఈపాటికి ఎన్ని అంతస్తులు లేచేవో ఊహించుకోవచ్చును.

స్టేడియం కంటే ముందే మన నాగపూరు తెలుగు కుటుంబపు బిడ్డ కొట్టారి కనకయ్య నాయుడు గారు 1932 జూను 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు నాయకత్వం వహించారని ఇక్కడ గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదు. ప్రవాసంలో పుట్టిన తెలుగువాడు దేశానికి తొలి నాయకుడైనాడు. ఆయన బంతిని బౌండరీ దాటించిన దెబ్బలు అందరికీ తెలుసు. కాని బుచ్చిబాబు గారి వలె చోటు కల్పించేవారు లేకపోతే అటువంటి పిల్లలు వీధిలోనే ఆడి వీధిలోనే ఆగిపోతారు.

స్వాతంత్ర్యం తరువాత 1956లో కొత్త కంపెనీల చట్టం వచ్చినది. ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చినది. అదే ఏట నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది గనుక మనవారు ఆ సంవత్సరాన్ని సులభంగా గుర్తుంచుకుంటారు. పాత 26వ సెక్షను ఇందులో 25వ సెక్షను అయినది. తరువాత అర్ధ శతాబ్దికి పైగా "సెక్షన్ 25 కంపెనీ" అన్నదే వాడుక మాట. మాటల వరస మాత్రం 1867 నాటిదే: వాణిజ్యం, కళ, విజ్ఞానం, మతం, ధర్మం, ఇతర ఉపయోగకర ఉద్దేశం. క్రీడా సంఘాలు ఆ చివరి "ఇతర" అన్న మాట చాటున దూరవలసి వచ్చేది. ఢిల్లీ జిల్లా క్రికెట్ సంఘం వంటివి అలా దూరినవే.

సంఘం రిజిస్టరు అయినంత మాత్రాన సభ్యుల మధ్య ఉన్న ఇంటితనం పోతుందా అన్న ప్రశ్న కూడ కోర్టుకు వెళ్ళినది. అనిబిసెంటు గారు 1914లో మద్రాసులో స్థాపించిన యంగ్ మెన్స్ ఇండియన్ అసోసియేషను తన సభ్యులకు పెట్టే కాఫీ ఫలహారాల మీద అమ్మకం పన్ను కట్టవలెనని అధికారులు అడిగారు. 1970లో సుప్రీంకోర్టు, సభ్యుల క్లబ్బు రిజిస్టరు అయినదే అయినా, అది సభ్యుల తరపున పనిచేస్తూ వారికే సరఫరా చేస్తే అది అమ్మకం కాదన్నది. తన ఇంటి వంట తాను తిని తనకే బిల్లు ఇచ్చుకొన్నట్లు కదా! 2019లో కలకత్తా క్లబ్బు కేసులో అదే న్యాయస్థానం ఆ సూత్రాన్ని మళ్ళీ నిలబెట్టినది. కాని 2021లో పార్లమెంటు జి.ఎస్.టి. చట్టాన్ని సవరించి, 2017 జూలై నుండి వర్తించేటట్లు, క్లబ్బూ సభ్యుడూ వేర్వేరు వ్యక్తులే అన్నది. ఈ తగవు కోర్టులలో ఇంకా పలు మలుపులు తిరుగుతూనే ఉన్నది గనుక క్యాంటీను పెట్టదలచిన సంఘం ముందుగా ఆడిటరును అడగడం మంచిది.

ఇక 2013. ఆ సంవత్సరపు కంపెనీల చట్టం 8వ సెక్షను చదివితే నాకు కలిగిన సంతోషం ఒక చిన్న మాట వల్ల. వాణిజ్యం, కళ, విజ్ఞానం అన్న పాత వరసలో నాలుగవదిగా "క్రీడలు" అని చేరినది. విద్య, పరిశోధన, సంఘ సంక్షేమం, పర్యావరణ రక్షణ కూడ చేరినవి. 1860లో చట్టకర్తలకు తోచని మాట, 1867లో "ఇతర" మాట చాటున దాగిన మాట, 146 ఏళ్ళ తరువాత తన పేరుతో చట్టంలోకి వచ్చినది.

మనవంటి ప్రవాస కుటుంబాలకు ఇందులో మరొక సౌకర్యం ఉన్నది. సొసైటీల చట్టం రాష్ట్రానికి ఒక తీరు. కర్ణాటకలో 1960 నాటి చట్టం, తమిళనాడులో 1975 నాటి చట్టం. ఒరిస్సాలో పాత 1860 చట్టమే రాష్ట్ర సవరణలతో. మహారాష్ట్రలో ఆ 1860 చట్టానికి తోడు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం, చారిటీ కమిషనరు. బెంగుళూరు బంధువు చెప్పిన పద్ధతి శోలాపురంలో పనికిరాదు. బరంపురంలో వ్రాసిన నియమావళి మద్రాసులో చెల్లదు. కంపెనీ చట్టం మాత్రం దేశమంతటికీ ఒక్కటే, యానాంలోనూ అదే. రాష్ట్రాల సరిహద్దులు దాటి అన్నదమ్ముల బిడ్డలు కలిసి ఒక సంఘం పెట్టుకోవలెనంటే ఇది తిన్నని బాట.

పెట్టుకొనే పద్ధతి సంగ్రహంగా చెబుతాను. వాటాల కంపెనీగా గాని, హామీ కంపెనీగా గాని పెట్టవచ్చును. ఆట సంఘానికి హామీ కంపెనీయే అనువైనదని నా ఉద్దేశం. అందులో వాటాలు ఉండనక్కరలేదు. సంఘం మూతపడే నాటికి బాకీలు మిగిలితే తలకు ఇంత ఇస్తామని, ఉదాహరణకు నూరు రూపాయలని, ప్రతి సభ్యుడూ మెమొరాండంలో మాట ఇస్తాడు. అతని బాధ్యత అంతవరకే. ప్రైవేటు కంపెనీ అయితే ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు చాలు. కాని ప్రైవేటు కంపెనీలో సభ్యులు 200 మించరాదు. ఇక్కడే మనవారు పొరపడతారు. ఇంటికి ఇద్దరు చొప్పున నూట ఇరవై ఇళ్ళు చేరితే ఆ గీత దాటిపోతుంది. పెద్ద సంఘం కాగోరేవారు మొదటనే ఏడుగురు సభ్యులతో, ముగ్గురు డైరెక్టర్లతో పబ్లిక్ కంపెనీగా పెట్టుకోవడం మేలు. లైసెన్సుకు దరఖాస్తు కంపెనీల రిజిస్ట్రారుకు. కార్యవర్గం ఆరు నెలలకు ఒకసారి అయినా కూడవలెను. సర్వసభ్య సమావేశానికి మామూలు కంపెనీలకు 21 రోజుల నోటీసు కావలసి ఉండగా, వీటికి 14 రోజులు చాలునని 2015లో సడలింపు ఇచ్చారు.

మెమొరాండంలోని ఒక నిబంధనను మాత్రం నిలిచి చదవవలెను. కంపెనీ తన సభ్యులకు జీతభత్యాలు ఇవ్వరాదు. చేతి ఖర్చు తిరిగి ఇవ్వవచ్చును, అప్పు ఇచ్చిన సభ్యునికి న్యాయమైన వడ్డీ ఇవ్వవచ్చును, ఇల్లు అద్దెకు ఇచ్చిన సభ్యునికి న్యాయమైన అద్దె ఇవ్వవచ్చును, సభ్యునిగా చేయవలసినది కాని సేవ నిజంగా చేసిన సభ్యునికి తగిన ప్రతిఫలం ఇవ్వవచ్చును; అంతే. మన సంఘాలలో ఏమి జరుగుతుంది? పిల్లలకు ఆట నేర్పే కోచి మనలో ఒకడే, పైగా స్థాపక సభ్యుడు. అతనికి నెలకు కొంత ముట్టజెప్పవలెనంటే అది నిజంగా చేసిన సేవకు తగినంతే కావలెను.   ఈ మాట మొదటిరోజే చెప్పుకుంటే మనస్తాపం ఉండదు. మూడేళ్ళ తరువాత ఆడిటరు చెబితే ఉంటుంది.

రెండవ నిబంధన ఇంకా కఠినమైనది. కంపెనీ మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యులకు రాదు. అటువంటి ఉద్దేశాలే గల మరొక 8వ సెక్షను కంపెనీకి ఇవ్వవలెను, లేదా అమ్మి ఆ సొమ్ము ప్రభుత్వం నిర్ణయించిన నిధికి జమ కట్టవలెను. "నేను ఇచ్చిన అరెకరం నాకు తిరిగి రాదా?" అని దాత అడిగితే, రాదు అని స్పష్టంగా చెప్పవలెను. కొందరు ఇది విని వెనుకకు తగ్గుతారు. తగ్గనివ్వండి. తిరిగి తీసుకొనే ఆశతో ఇచ్చిన నేల మీద పిల్లలు ఎన్నాళ్ళు ఆడతారు?

కంపెనీ అయినంత మాత్రాన కలహాలు పోవు. ఢిల్లీ క్రికెట్ సంఘంలో దీర్ఘకాలం ఓట్లు ప్రాక్సీల మీద నడిచినవి. అంటే సమావేశానికి రాని సభ్యుల ఓట్లు కాగితాల కట్టలుగా కొందరి చేతిలో ఉండేవి. కంపెనీ చట్టం వాటాదారులకు ఇచ్చిన సౌకర్యమే ఆట సంఘంలో తగవులకు మూలమై కోర్టులదాకా వెళ్ళినది. 2014 నాటి నియమాల ప్రకారం 8వ సెక్షను కంపెనీలో సభ్యుడు కానివానికి ప్రాక్సీ ఇవ్వరాదు. అది కొంత మేలే. కాని సభ్యునికి సభ్యుడు ఇచ్చే కాగితాలు ఇంకా మిగిలే ఉన్నవి.

పన్నుల సంగతి కూడ ఒక మాట. 8వ సెక్షను లైసెన్సు వచ్చినంత మాత్రాన ఆదాయపు పన్ను మినహాయింపు దానంతట అది రాదు. ఆ శాఖ వద్ద వేరే రిజిస్ట్రేషను చేయించుకోవలెను. రెండూ ఒక్కటే అనుకొని చందాదారులకు పన్ను రాయితీ వస్తుందని రసీదులు వ్రాసి ఇచ్చినవారు చిక్కుల్లో పడతారు.

అన్నిటికంటె బరువైనది కాగితాల పని. ఆదాయం ఉన్నా లేకున్నా ఏటా లెక్కలు తనిఖీ చేయించవలెను. సర్వసభ్య సమావేశం అయిన 30 రోజులలో లెక్కలు, 60 రోజులలో వార్షిక నివేదిక రిజిస్ట్రారుకు పంపవలెను. గడువు దాటితే ఒక్కొక్క పత్రానికి రోజుకు నూరు రూపాయలు అని 2018లో నియమం పెట్టారు. రెండు పత్రాలకు ఒక ఏడాది ఆలస్యమైతే 73,000 రూపాయలు. చిన్న సంఘాలకు అది రెండేళ్ళ చందా. వరుసగా మూడేళ్ళు పంపకపోతే ఆ డైరెక్టర్లు అయిదేళ్ళపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్లుగా ఉండరాదు. ఇది బెదిరింపు మాట కాదు. 2017లో దేశంలో రెండు లక్షలకు పైగా కంపెనీలను ఇటువంటి కారణాల మీద రిజిస్టరు నుండి తీసివేశారు, సుమారు మూడు లక్షలమంది డైరెక్టర్లు అనర్హులైనారు. సొంత వ్యాపారం ఉన్న పెద్దమనిషిని మర్యాదకోసం ఆట సంఘంలో డైరెక్టరుగా వేసి, కాగితాలు మరచిపోతే, ఆయన వ్యాపారానికే ముప్పు.

కనుక ముప్ఫైమంది కుర్రవాళ్ళు ఆదివారం నాడు కార్పొరేషను మైదానంలో ఆడుకొనే జట్టుకు కంపెనీ అక్కరలేదు. వారికి సొసైటీ చాలు. ఒక్కొక్కచోట అదీ అక్కరలేదు. ఏ రోజున స్థలం కొనదలుస్తారో, లేక దాత ఎవరైనా ఇస్తామంటారో, ఆ రోజున కంపెనీ మాట తలపెట్టవలెను. ముందు కంపెనీ, తరువాత దస్తావేజు. ఈ వరస తప్పి ఇదివరకే ఒక వ్యక్తి పేర కొన్న స్థలాలు మనవారికి పలుచోట్ల ఉన్నవి. వాటిని కంపెనీ పేరకు మార్చడానికి మళ్ళీ దస్తావేజు వ్రాయవలెను, స్టాంపు డ్యూటీ కట్టవలెను. ఆ ఖర్చుకు జంకి ఏటికేడాది వాయిదా వేస్తుంటారు. ఎవరి పేర ఉన్నదో ఆ పెద్దమనిషి ఆరోగ్యంగా ఉండగానే, ఒక్క సంతకంతో పని అయ్యేటప్పుడే ఆ ఖర్చు భరించడం చవుక. ఆయన పోయిన తరువాత సంతకం చేయవలసినవారు అయిదుగురో ఎనిమిదిమందో అవుతారు. వారు ఏ ఊళ్ళలో ఉన్నారో ముందు వెదకవలసి వస్తుంది.